ఇరవై రోజులకు ఒక అంగుళం

మద్రాసు పక్క అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటు మొత్తం మీద, ఆదికేశవులు కోసిన మర తప్పని చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. ఈ మాట ఆ ఆదికేశవులే, అంటే నేనే, ముప్పై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను. షెడ్డులో చెప్పాను, రైల్లో చెప్పాను, పెళ్ళి పందిట్లో పప్పు వడ్డించేవాణ్ణి ఆపి చెప్పాను. మర అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం: బోల్టు మీద నట్టు ఎక్కడానికి చుట్టూతా కోసే గాడి. అంతే. కానీ ఆ గాడి సరిగ్గా కోసేవాడి ముందు ఓడలు ఆగుతాయి.

పోయినవారం ఎక్కడ నిలిచామో గుర్తు చేస్తాను. పత్రికను మధ్యాహ్నం నాలుగు పేజీలు చదివి ముఖాన కప్పుకుని పడుకునేవాళ్ళు మర్చిపోయి ఉంటారు.

నా కూతురు శ్రీప్రియకు పదేళ్ళప్పుడు ఒక జ్వరం వచ్చింది. ఒళ్ళంతా తగ్గి కుడి తొడలో దిగింది. ఎముక లోపల చీము. అప్పటినుంచి పదిహేనేళ్ళపాటు ఆ తొడ మీద ఒక చిన్న రంధ్రం. నెలకో రెండు నెలలకో తెరుచుకుని కారేది, మళ్ళీ మూసుకునేది. రెండుసార్లు కోసి కడిగారు. ఒకసారి బియ్యపు గింజంత ఎముక ముక్క దూదికి అంటుకుని బయటికి వచ్చింది. ఆ పిల్ల దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించేది. నా కూతురు మరి.

చివరికి డాక్టర్ ఆనందన్ దొరికాడు. ఆయన తొడ తెరిచి, చచ్చిపోయిన ఎముకను అయిదు సెంటీమీటర్ల మేర, బతికిన ఎముకలో నెత్తురు చుక్కలు కనబడేదాకా తీసేశాడు. ఆ గుంటలో మందు కలిపిన సిమెంటు పూసలు తీగకు గుచ్చి పెట్టాడు. పెళ్ళయిన నాటినుంచి దండ అడుగుతున్నా కొనని మనిషివి, కూతురికి తొడలో సిమెంటు దండ వేయించావని నా భార్య మునెమ్మ ఎత్తిపొడిచింది. ఆరు వారాలకు చీము ఆగింది. పదిహేనేళ్ళలో మొదటిసారి కట్టు పొడిగా వచ్చిన రోజున, మునెమ్మ ఆ దూదిని పారెయ్యనివ్వలేదు.

పూసలు తీసిన రోజే డాక్టరు తొడ చుట్టూ మూడు ఉక్కు వలయాలు ఎక్కించాడు. పైదీ కిందిదీ కదలవు. నడిమిది కదలాలి. పైనున్న మంచి ఎముకలోంచి ఒక ముక్కను కోసి వదిలించి, పిన్నులతో ఆ నడిమి వలయానికి పట్టించాడు. మూడు వలయాలనూ కలుపుతూ మూడు కమ్మీలు, కమ్మీల మీద మర, మర మీద నట్లు. పూటకు పావు చుట్టు చొప్పున రోజుకు నాలుగు పూటలు నట్టు తిప్పితే నడిమి వలయం ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. దానితోపాటు ఎముక ముక్కా దిగుతుంది. అది వదిలివచ్చిన ఖాళీలో ఒళ్ళు తనంతట తానే కొత్త ఎముక పోసుకుంటుంది. యాభై రోజులకు ముక్క కింది ఎముకకు ఆనుకుంటుంది. ఇది నా కల్పన అనుకునేవాళ్ళుంటారు. నేను అబద్ధం చెబితే ఇంకాస్త నమ్మేటట్టు చెబుతాను.

విదేశపు సామాను మా వల్ల కాదు గనక, డాక్టరు ఇచ్చిన నమూనా చూసి మేమే చేశాం. వలయాలు నా షెడ్డులో. కమ్మీలు మోసెస్ షెడ్డులో. మోసెస్ నా దగ్గర పని నేర్చుకుని, తొమ్మిదేళ్ళ కిందట నాకు చెప్పకుండా వేరే షెడ్డు పెట్టుకున్నవాడు. మర కోసే లేతు మిషను వాడిది కొత్తది, మిల్లీమీటర్ల కొలతది. ఆ కమ్మీల గురించి ఇంకో సంగతి ఉంది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఇక ఈ వారం. తొంభై ఏడు, జూలై. మద్రాసుకు చెన్నై అని పేరు మార్చి ఏడాది కావస్తోంది. నీళ్ళ లారీ మాత్రం పాత పేరుతోనే వస్తోంది. నట్లు తిప్పడం మొదలుపెట్టి ఇరవై రోజులు. డాక్టరు పది రోజులు ఊళ్ళో లేడు, ఆ ఉదయమే వచ్చాడని తెలిసింది. ఆస్పత్రిలో నేను శ్రీప్రియ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నర్సు పొన్నుతాయికి నా ఓడ కథ చెబుతున్నాను.

"అరవై అయిదులో హార్బరుకు ఒక జర్మనీ ఓడ వచ్చింది పాపా. చుక్కాని బోల్టు విరిగి పదమూడు దినాలు ఆడనే నిలబడిపోయింది. నేను పోయి ఒకే ఒక బోల్టు కోసి ఇస్తే, కెప్టెను టోపీ తీసి..."

"పోయిన వారం ఇటలీ ఓడ అన్నావే" అంది మునెమ్మ, ఇడ్లీ గిన్నె మూత తీస్తూ.

"ఆ ఇటలీ ఓడనే జర్మనీవాళ్ళు కొన్నారు."

"టోపీ మాత్రం అదేనా తాతా?" అంది పొన్నుతాయి. ఆమె అరవం పిల్ల. మా వార్డులో చేరాక తెలుగు మాట్లాడటంకన్నా నన్ను ఆటపట్టించడం ముందు నేర్చుకుంది.

శ్రీప్రియ నవ్వలేదు. అది నేను గమనించాల్సింది. మూడు రోజులుగా నట్టు బిగుతుగా తిరుగుతోందని, తిప్పినప్పుడు లోపలెక్కడో పీకుతోందని ఆమె నాతో అంది. కొత్త సామాను అలాగే ఉంటుందని కొట్టిపారేశాను.

డాక్టర్ ఆనందన్ ఎక్స్‌రే పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయనదీ అరవమే, కానీ నెల్లూరులో ఆరేళ్ళు పనిచేసినందువల్ల తెలుగు మాలాగే మాట్లాడతాడు. ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టాడు.

"చూడమ్మా. ముక్క దిగతా ఉండాది. అయితే వంగి దిగతా ఉండాది. బయటి పక్క ముందు పోయింది, లోపలి పక్క వెనకబడింది."

శ్రీప్రియ తల ఎత్తి చూసింది. నాక్కూడా కనబడింది. గోడకు వంకరగా వేలాడదీసిన పటంలా ఉంది ఆ ముక్క.

"బయటి కమ్మీ నట్టును ఎక్కువ తిప్పినావు" అన్నాడు డాక్టరు.

"లేదు సార్. మూడిటికీ పావు చుట్టే."

"చేతికి అందేది బయటిదే కదా. లోపలివి తిప్పాలంటే వంగాల, నొప్పి. అందరూ చేసేదే. నిజం చెప్పు, నేను కోపం చేసుకోను."

"అందరూ చేస్తారేమో సార్. నేను చెయ్యలా."

ఆమె తలగడ కిందినుంచి నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ఇరవై పేజీలు. పేజీకి నాలుగు పూటలు, పూటకు మూడు నట్లు, నట్టుకు ఒక గీత. శ్రీప్రియ ఎస్టేటులో ఒక కంపెనీలో ఇన్‌స్పెక్షన్ చేస్తుంది. మిగతావాళ్ళు చేసిన వస్తువును కొలిచి, సరి అనో తప్పు అనో రాయడం ఆమె పని. ఆ కాలు బరువు ఆపదు గనక మిగిలినవాళ్ళంతా నిలబడి చేసే పనిని ఆమె స్టూలు మీద కూర్చుని చేస్తుంది. రెండు మడమలూ నేలకు ఆనించి ఆ బల్ల ముందు నిలబడాలని ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు ఎప్పుడూ.

డాక్టరు పుస్తకం తిరగేశాడు. మూసి ఇచ్చేశాడు.

"గీతలు పెట్టడం సులభం అమ్మా. ఎముక అబద్ధం చెప్పదు. ఇంకో వారం ఇట్లే పోతే ముక్క కింది ఎముకకు ఎదురుగా రాదు, పక్కకు పోతుంది. కొత్త ఎముకా వంకరగానే గట్టిపడుతుంది. నిన్ను నమ్మి నట్లు నీ చేతికి ఇచ్చినాను. ఇంక తిప్పొద్దు. ఈ వలయాల ఫ్రేము తీసేసి ఉన్న ఎముకను ఉన్నట్టు అతికించేస్తాను."

"అప్పుడు కాలు?"

"రెండంగుళాలు పొట్టి. నడవొచ్చు. చీము లేదు కదా, దానికి సంతోషపడు."

మునెమ్మ ఇడ్లీ గిన్నె మూత పెట్టేసింది. శ్రీప్రియ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుతో మాట్లాడేటప్పటి గొంతు పెట్టింది.

"సార్, నన్ను నమ్మొద్దు. కొలిచి చూడండి. పొన్నుతాయక్కా, స్కేలు ఇయ్యి."

మొదటిరోజున నడిమి వలయం ఎక్కడుందో తెలియడానికి, మూడు కమ్మీల మీదా పొన్నుతాయి గోళ్ళ రంగుతో ఒక్కో ఎర్ర గీత పెట్టింది. ఆ గీత నుంచి వలయం దాకా కొలిస్తే, ఇరవై రోజుల్లో ఎంత దిగిందో తెలుస్తుంది. లోపలి రెండు కమ్మీలనూ పొన్నుతాయి వంగి కొలిచింది. ఇరవై మిల్లీమీటర్లు. ఇరవై మిల్లీమీటర్లు. బయటి కమ్మీని శ్రీప్రియ తనే కొలుచుకుంది.

"ఇరవై అయిదు. పైన అరకు ఒక వెంట్రుక తక్కువ."

"అదే నేను చెప్పింది" అన్నాడు డాక్టరు.

ఆమె వినలేదు. స్కేలును తిప్పి పట్టుకుంది. రెండో అంచున అంగుళాలుంటాయి. మళ్ళీ కమ్మీకి ఆనించింది. గీత మీద గీత కూర్చుంది. ఇరవై రోజులకు సరిగ్గా ఒక అంగుళం.

ఎక్కువ తిప్పినవాడి లెక్క అంత శుభ్రంగా రాదు. రోజుకో తీరుగా తిప్పిన చేయి అంగుళం గీత మీద పోయి నిలబడదు. ఆ సంగతి గదిలో ఇద్దరికి తెలిసింది. ఒకరు మంచం మీద ఉన్నారు. ఇంకొకరు స్టూలు మీద ఉన్నారు.

"నాయనా, గేజి ఇయ్యి."

మర కొలిచే గేజి ఒక చిన్న చాకుల గుత్తిలా ఉంటుంది. ఒక్కో రేకుకు ఒక్కో రకం పళ్ళు. ఏ రేకు పళ్ళు గాడిలో సందు లేకుండా కూర్చుంటాయో, అదే ఆ మర కొలత. నా చొక్కా జేబులో అది లేకుండా నేను గుడికి కూడా పోను. తీసి ఇచ్చాను.

మిల్లీమీటరు రేకు లోపలి కమ్మీల మీద కూర్చుంది. బయటిదాని మీద కూర్చోలేదు. ఆమె రేకులు ఒక్కొక్కటే తిప్పి, అంగుళానికి ఇరవై పళ్ళ రేకు తీసి పెట్టింది. అది తన ఇంటికి వచ్చినట్టు కూర్చుంది.

"నాయనా" అంది, తల ఎత్తకుండా. "ఇది అంగుళం మర. ఈడ ఎట్లా వచ్చింది? ఈ మర తప్పు."

నా మర తప్పని చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదన్నాను కదా. పుట్టింది. డెబ్భై రెండులో, మా ఇంట్లోనే, తెల్లవారి కోడి కూసే వేళ. మంత్రసాని గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చింది. ఆ సంగతి మర్చిపోయి ఇన్నేళ్ళూ గొప్పలు చెప్పుకున్నాను.

ఇప్పుడు కమ్మీల సంగతి చెప్పాలి. మోసెస్ మూడు కమ్మీలు చేసి తెచ్చాడు. గేజి పెట్టి చూశాను, తప్పు దొరకలేదు. అదే నాకు నచ్చలేదు. నా బిడ్డ కాలికి ఒక్క కమ్మీ అయినా నా చేత్తో కోసింది ఉండొద్దా? మూడోదాన్ని వాడి ముందరే పక్కకు గిరాటేసి, ఆదివారం నా పాత ఇంగ్లీషు లేతు మీద ఒకటి కోశాను. ఆ లేతు మీద మిల్లీమీటరు మర రావాలంటే నూట ఇరవై ఏడు పళ్ళ చక్రం ఒకటి కావాలి. అది నా దగ్గర లేదు. నాకు పుట్టుకతో వచ్చింది రెండు నూళ్ళ మర, అంగుళానికి ఇరవై పళ్ళది. అంగుళంలో ఎనిమిదో వంతును మేము నూలు అంటాం. ఆరు మిల్లీమీటర్ల కమ్మీ అంటే రెండు నూళ్ళకు ఒక వెంట్రుక తక్కువ. కొంచెం లావైతే బలమే కదా అనుకున్నాను. దానికి సరిపోయే నట్లు కూడా చేశాను, అదే స్పానరు పట్టేటట్టు. అందుకే ఆపరేషను గదిలో ఎవరికీ తేడా కనబడలేదు.

లావు చూశాను. నడక చూడలేదు. నేను జీవితమంతా చేసినవి బిగించి వదిలేసే బోల్టులు. బిగిస్తే చాలు, ఏ మర అయినా ఒకటే. రోజూ నడవాల్సిన బోల్టును నేనెప్పుడూ చేయలేదు. మోసెస్ కమ్మీ మీద ఒక చుట్టుకు మిల్లీమీటరు. నా కమ్మీ మీద మిల్లీమీటరూ, ఆపైన పావుకు కొంచెం ఎక్కువ. రోజుకు అంత తేడాతో, నా కూతురి ఎముకను నేను ఇరవై రోజులు వంచాను.

"ఎవరు కోసినారు దీన్ని?" అన్నాడు డాక్టరు.

నేను స్టూలు మీదినుంచి లేచాను. గొంతు సవరించుకున్నాను.

"నేనే సార్. ఆదికేశవులు. పిల్ల మాట నిజం, పుస్తకంలో గీతలూ నిజం. తప్పు ఈ చేతిది" అన్నాను, చేయి ముందుకు చాపి.

డాక్టరు స్కేలు తీసుకుని తనే మూడు కమ్మీలనూ కొలిచాడు. గేజి అడిగి తీసుకుని రేకు పెట్టి చూశాడు. ఆ తర్వాత శ్రీప్రియ నోటుపుస్తకాన్ని మళ్ళీ తెరిచి, ఆఖరి పేజీ అడుగున తన సంతకం పెట్టాడు.

"నేనూ ఎక్కించేముందు చూసుండాల" అన్నాడు. "నిన్ను అనుమానించినాను అమ్మా. మనసులో పెట్టుకోవద్దు. ఇప్పుడు వినండి. కొత్త ఎముక ఇంకా మెత్తగా ఉండాది. రేపు పొద్దున ఎనిమిదికి సరైన కమ్మీ నా చేతిలో ఉంటే దీన్ని మారుస్తాను. లోపలి రెండు నట్లూ తిప్పుకుంటా పోతే, ఆ పక్క వచ్చి ఈ పక్కను అందుకుంటుంది. ముక్క సరిగ్గా నిలబడుతుంది. ఆలస్యమైతే నేను ముందు చెప్పిందే."

ఆయన పోయాక శ్రీప్రియ నావైపు తిరిగింది.

"నాయనా, మోసెస్ అన్న చేసిన మూడోది యాడుండాది?"

"యాడో పడేసినాను."

"నువ్వు పడేసింది అన్న ముందర. అన్న కాడికే పో. నువ్వే అడగాల. అమ్మను పంపొద్దు."

మునెమ్మ అందుకుంది. "బస్సులో ఓడ కథ చెప్పకుండా పో. స్టాపు దాటిపోతావు."

నిజానికి రెండు బస్సులు మారేదాకా నేను నోరు విప్పలేదు. కండక్టరు టికెట్టు అడిగితే తల ఊపాను.

మోసెస్ షెడ్డులో నేను అంతకుముందు ఎన్నడూ అడుగుపెట్టలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ వీధిలో పోయేటప్పుడు ఎదుటి గోడను చూస్తూ పోయేవాణ్ణి. లోపల లేతు తిరుగుతోంది. వాడు నన్ను చూసి మోటారు ఆపాడు. గురువును మా పక్క వాద్యారు అంటారు. వాడు నన్ను ఇంకా అలాగే పిలుస్తాడు.

"రండి వాద్యారే. కూర్చోండి."

"కూర్చోను. ఆ కమ్మీ..." అన్నాను.

వాడు ఏదని అడగలేదు. చేతులు తుడుచుకుని, గోడమీది అలమార తెరిచి, నూనె కాగితంలో చుట్టిన పొడుగాటి పొట్లం ఒకటి తీసుకొచ్చాడు. విప్పి చూశాను. నేను గిరాటేసినప్పుడు ఒక కొస మీద పడిన చిన్న నొక్కును అరగదీసి సాపు చేసి ఉంచాడు. నాలుగు నట్లు ఎక్కించి ఉన్నాయి. వేలితో తోస్తే నట్టు ఆగకుండా కొసదాకా పోయింది. నా దగ్గర పని నేర్చుకున్నవాడి చేయి అది. నా చేయికంటే మంచి చేయి. ఆ మాట వాడితో అనలేదు గానీ, కాగితంలో మళ్ళీ చుట్టేటప్పుడు నా చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయో వాడు చూశాడు.

"పడేసిన దినమే నూనె పూసి పెట్టినాను" అన్నాడు మోసెస్. "మీరు సుమ్మా ఊరికే పడేసే మనిషి కాదు కదా వాద్యారే. ఏదో ఒకనాటికి వస్తారనుకున్నా."

మర్నాడు ఎనిమిదికి పది నిమిషాలుండగానే ఆపరేషను గది తలుపు ముందు నిలబడ్డాను. శ్రీప్రియను స్ట్రెచరు మీద తీసుకొచ్చి నా పక్కనే ఆపారు. తలుపు తీసుకుని డాక్టర్ ఆనందన్ బయటికి వచ్చాడు. పొట్లం విప్పాడు. నట్టును వేలితో తోశాడు. అది కొసదాకా పోయి ఆగింది. ఆయన ముఖం విచ్చుకుంది.

"మంచి పని" అన్నాడు. "ఎవరు చేసినారు దీన్ని?"

దీనికి నేనేం చెప్పానో రాయబోయి కలం ఆపాను. అంతకుముందు ఒకటి ఒప్పుకోవాలి. పైన రాసిందంతా నిజం, ఓడ తప్ప; ఓడ సంగతి మీకు ముందే తెలుసు. కానీ ఇంకో చోట కూడా ఒకటి కల్పించాను. ముందురోజు వార్డులో డాక్టరు ఇదే ప్రశ్న అడిగినప్పుడు, నేను లేచి చేయి చాపి నేనే అన్నానని రాశాను కదా. లేవలేదు. చాపలేదు. స్టూలు నన్ను పట్టుకుంది. నేనే అననూ లేదు. శ్రీప్రియ నావైపు ఒక్కసారి చూసి, డాక్టరు వైపు తిరిగి చెప్పింది:

"కమ్మీలు మా కంపెనీనుంచి తెప్పించినాం సార్. మూడిటినీ చూసి సరే అని పంపింది నేనే. ఇన్‌స్పెక్షన్ నాది, తప్పు నాది."

ఆ కమ్మీ తయారైననాడు ఆమె తొడలో సిమెంటు పూసలతో మంచం మీద ఉంది. దాన్ని కంటితో చూడనైనా లేదు. నేను పుట్టిననాటినుంచి చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా అంత మంచిది ఒక్కటి కూడా లేదు. డాక్టరు నమ్మాడు. ఆయనకు తెలిసినంతవరకు, తప్పు చూసుకోనిదీ, ఆ తప్పును పట్టుకున్నదీ ఒక్క మనిషే.

ఇప్పుడు అదే డాక్టరు, అదే ప్రశ్న. మోసెస్ పేరు చెబితే ఇది కంపెనీది కాదని తేలుతుంది, నిన్నటిది ఎవరిదో కూడా చెప్పాలి. పక్కన స్ట్రెచరు మీద శ్రీప్రియ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోతోందని నేను అనుకోలేదు.